గూడబాతుకు రెండు ఇళ్లు

కార్తిక మాసం ప్రవేశించి, ఈశాన్య ఋతుపవనాల వానలకు నెల్లూరు సీమ చెరువులు ఒకటొకటిగా నిండుతూండగా, నేలపట్టు గ్రామంలోని వారు తరచుగా ఆకాశం వైపు చూస్తారు. మబ్బులు చూడడం ప్రతి ఊరిలోనూ రైతు చేసే పనే. ఇక్కడ మాత్రం మబ్బుతోపాటు మరొక దానికోసం కూడా ఎదురుచూస్తారు. ఏదో ఒక ఉదయాన, పెద్ద రెక్కలు గల బూడిదవన్నె పక్షులు నాలుగైదు వచ్చి, చెరువు మీద వలయాలు తిరిగి, నీటిలో నడుములోతున నిలిచిన చెట్లను పరకాయించి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోతాయి. అద్దె ఇల్లు చూడవచ్చిన సంసారుల తీరు అది. నీరు చాలినంత ఉన్నదని వాటికి నమ్మకం కుదిరితే, కొన్నాళ్లకు గుంపులు దిగుతాయి. నీరు చాలని ఏడు కొమ్మలు బోసిగానే ఉండిపోతాయి. ఆ ఏడు ఊరి పంట సంగతి కూడా అంతంత మాత్రమే.

ఆ పక్షి పేరు గూడబాతు. ఇంగ్లీషు చదువుకున్నవారు పెలికాన్ అంటారు. పొడవాటి ముక్కు క్రింద వ్రేలాడే తోలుసంచితో అది నీటిని చేపలతో సహా ఎత్తి, నీటిని వార్చి, చేపలను మ్రింగుతుంది. ఇద్దరు మనుషులు చెరొకవైపు నిలిచి, తాళ్లు పట్టి, పల్లపు నీటిని మెరకకు తోడే గూడను ఎరిగిన రైతు ఈ పక్షిని చూసి ఆ పేరు పెట్టడంలో ఆశ్చర్యం లేదు. ఈ తరం పిల్లలకు గూడ అంటే ఏమో చెప్పవలసి వస్తున్నది. పనిముట్టు పోయినా పేరు పక్షి మీద నిలిచిపోయినది.

నేలపట్టు సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం మండలంలో ఉన్న చిన్న గ్రామం. వెనుక నెల్లూరు జిల్లాలోది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత తిరుపతి జిల్లాలో చేరినది. 1976లో ప్రభుత్వం ఇక్కడి చెరువును, దానిని ఆనుకొని ఉన్న చిట్టడవిని కలిపి, దాదాపు నాలుగున్నర చదరపు కిలోమీటర్ల ప్రదేశాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించినది. అదే సంవత్సరం పులికాట్ సరస్సులోని ఆంధ్ర భాగం కూడా ఆ గౌరవం పొందినది. అయితే ఆ ఉత్తర్వు రావడానికి చాలా ముందునుండే ఊరు పక్షులకు కాపు ఉన్నది. కారణం భక్తి ఒక్కటే అనుకోనక్కరలేదు. వందల పక్షుల రెట్ట రాలి కలిసిన చెరువు నీరు పొలానికి పారితే, వరికి ప్రత్యేకంగా వేరొక ఎరువు పెట్టినట్లే. అందుచేత గూటిమీదికి రాయి విసిరే కుర్రవాడిని మందలించడానికి అధికారులు రావలసిన అవసరం లేకపోయినది. లాభమూ దయా ఒకే దారిన నడిచే సందర్భాలు లోకంలో తరచుగా తటస్థపడవు. తటస్థపడినచోట అవి చాలాకాలం నిలుస్తాయి.

ఆ కాపుదల విలువ తెలియాలంటే ఈ పక్షి ఇతర దేశాలలో ఏమైనదో తెలియాలి. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు పెలికానస్ ఫిలిప్పెన్సిస్. అనగా ఫిలిప్పీన్స్ దేశపు పక్షి అని. పేరిచ్చిన ఆ దేశంలోనే 1960ల నాటికి ఇది అంతరించిపోయినది. బర్మాలో సిట్టాంగ్ నదీ మైదానాన, అడవి చెట్ల మీద లెక్కకు అందనన్ని గూడబాతులు గూళ్లు కట్టుకొని ఉండడం 1877లో యూజీన్ ఓట్స్ అనే బ్రిటిష్ పక్షిశాస్త్రజ్ఞుడు చూసి వ్రాశాడు. ఇరవయ్యవ శతాబ్దం సగానికి వచ్చేసరికి అక్కడ గూళ్లూ లేవు, పక్షులూ లేవు. మన దేశంలో మాత్రం 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో ఒక పెద్ద గూడబాతుల స్థావరాన్ని కనుగొన్నారు. 'ఇందుచూడన్' అనే కలం పేరుతో మలయాళ పాఠకులకు పక్షులను పరిచయం చేసిన రచయిత ఆయనే. ఆయన వ్యాసం 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడినది. కొల్లేటి ప్రాంతపు ఆ స్థావరం కూడా 1970లలో ఖాళీ అయినది. ఇన్ని పోగా మిగిలిన కొద్ది చోట్లలో నేలపట్టు ఒకటి. 1980లలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. నాగులు, జె.వి. రమణారావు దక్షిణ భారతంలోని గూడబాతుల స్థావరాలను పరిశీలించి వ్రాసిన వాటిలో నేలపట్టుకు ముఖ్యమైన స్థానమే ఉన్నది.

ఒక జనవరి ఉదయాన, ఇంకా మంచు వీడకముందే, నెల్లూరుకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు హైదరాబాదు నుండి సెలవులకు వచ్చిన పదకొండేళ్ల మనుమరాలిని వెంటబెట్టుకొని నేలపట్టు చేరాడు. ముప్పై ఏళ్ల క్రితం ఆయన సూళ్లూరుపేటలో పనిచేశాడు. ఆ రోజుల్లో ఆదివారం వస్తే సైకిలు మీద ఈ చెరువుకు రావడం ఆయనకు అలవాటు. మనుమరాలికి మాత్రం పక్షులంటే జంతుప్రదర్శనశాలలో చూసినవే.

చెరువుకట్ట చేరకముందే వాసన వస్తుంది. చేపా, తడిసిన ఆకూ, రెట్టా కలిసిన ఘాటైన వాసన. ముక్కు మూసుకోని కొత్తవారు ఉండరు. తరువాత చప్పుడు వినబడుతుంది. గూడబాతు పెద్దదైన తరువాత దాదాపు మౌని. బుసకొట్టడం, చిన్నగా మూలగడం తప్ప గొంతెత్తదు. అరుపులన్నీ పిల్లలవి. చెరువు నిండా నిలిచిన కడప చెట్లు, వృక్షశాస్త్రంలో బారింగ్టోనియా అనే జాతివి, నెలల తరబడి నీటిలో ఉన్నా కుళ్లవు. మొదళ్ల చుట్టూ నీరున్నంతకాలం కుక్కా నక్కా గూటి దాపుకు రాలేవు. చెట్టు పైభాగమంతా గూళ్లతో నిండి, ఒక గూటి పుల్ల పక్క గూటికి తగులుతూంటుంది. మూడు నాలుగు గుడ్లు పెట్టి, నెల రోజులు పొదిగి, పిల్ల ఎగిరిపోయే వరకు మూడు నుండి ఐదు నెలలు గూడబాతు జంట కష్టపడాలి. పుట్టిన పిల్లకు తెల్లని నూగు. తరువాత బూడిదరంగు మచ్చలు. ముక్కుమీద నల్లచుక్కలు ఏడాది గడిస్తేగాని రావు; నిండు ప్రాయపు ఈకలు మూడవ ఏటికి.

గూడబాతు ఒక్కటే కాదు. నత్తలను చీల్చి తినడానికి అనువుగా ముక్కు నడుమ సందు గల నత్తగుల్ల కొంగలు, పగలంతా కునుకుతూ సంధ్యవేళ వేటకు లేచే చింతవొక్కులు, తెల్ల కంకణాలు, నీటికాకులు, ఎవరి అంతస్తు వారిదన్నట్లు అదే చెట్లలో కాపురం చేస్తున్నవి. వాటి వివరం అంతా వ్రాస్తే వేరొక వ్యాసం అవుతుంది.

మనుమరాలి చూపు ఒక గూటి దగ్గర ఆగిపోయినది. తల్లిపక్షి వాలగానే రెండు పిల్లలు ఎగబడి, దాని నోటి సంచిలోకి మెడవరకు తలలు దూర్చివేశాయి. తల్లి రెక్కలు విప్పి తమాయించుకొని నిలబడినది. చూడబోతే పిల్లలే తల్లిని మ్రింగివేస్తున్నట్లున్నది.

"తాతయ్యా, ఊపిరాడదేమో దానికి!" అన్నది ఆ పిల్ల.

"ఆకలి అమ్మా. ఆకలి ఉన్నప్పుడు మీ నాన్న కూడా మీ నానమ్మను అట్లాగే పీక్కు తినేవాడు."

కట్టమీద కాపలా తిరిగే ముసలాయన ఒకడు నవ్వుతూ దగ్గరకు వచ్చాడు. ఉపాధ్యాయుడిని ఆయన గుర్తుపట్టాడు. "బాగుండారా అయ్యోరా? మనమరాలా?" అని పలకరించాడు.

పిల్లకు పక్షుల కంటే లెక్క మీద ధ్యాస పోయినది. ఇన్ని వందల పక్షులు, ఒక్కొక్క గూటికి రెండు మూడు పిల్లలు. "ఇంత చెరువులో అన్ని చేపలు ఉంటాయా తాతా?" అని కాపలా ముసలాయనను అడిగినది.

"యాడుంటాయి పాపా! ఈ చెరువు చేపలు వీటికి ఒక పూటకు గూడా చాలవు. కాపురం ఈడ, తిండి ఆడ. పొద్దెక్కనీ, నువ్వే చూస్తావు."

పొద్దెక్కినది. తొమ్మిది గంటలు దాటి నేల వేడెక్కగా, చెట్లమీద పక్షులలో చలనం పుట్టినది. నాలుగు నుండి ఆరు కిలోల బరువు గల దేహాన్ని రెక్కల బలంతోనే దూరం మోయాలంటే గూడబాతుకు భారం. అందుచేత అది వేడిగాలి పైకి లేచే సమయం కొరకు కాచుకొని ఉంటుంది. ఒకటి లేచినది, మరొకటి. రెక్కలు ఆడించకుండానే, ఎవరో దారం పట్టి లాగుతున్నట్లు, చుట్లు చుట్టుకుంటూ అవి పైపైకి పోయినవి. చిన్న చుక్కలైన తరువాత వరుసకట్టి, ఆగ్నేయ దిక్కుగా జారిపోయినవి.

"ప్రళయకావేరికి," అన్నాడు ముసలాయన చేయి చాపి.

పులికాట్ సరస్సుకు తెలుగువారు పెట్టుకొన్న పేరు ప్రళయకావేరి. అందులోని దీవుల జీవితాన్ని స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'గా వ్రాసిన తరువాత ఆ పేరు ఇతర ప్రాంతాల తెలుగు పాఠకులకు కూడా పరిచయమైనది. మన దేశంలో చిలికా తరువాత ఉప్పునీటి సరస్సులలో రెండవ పెద్దది ఇదే. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున, ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, కొంత తమిళనాడులోను వ్యాపించి ఉన్నది. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డు నిలిచి దీనిని బంగాళాఖాతం నుండి వేరుచేస్తున్నది. దక్షిణపు చివరన, తమిళులు పళవేర్కాడు అనే పులికాట్ పట్టణంలో, డచ్చివారు 1613లో కోట కట్టారు. ఇంత పేరున్న సరస్సు లోతు సగటున ఒక మీటరు మాత్రమే. ఆ లోతు తక్కువే దీని ఐశ్వర్యం. సూర్యరశ్మి అడుగువరకు దిగి, నాచు పెరిగి, నాచును తినే పురుగూ, పురుగును తినే రొయ్యా చేపా వృద్ధి పొందుతాయి. నిలువుకాళ్ల కొంగ ఈదకుండా నడిచి వేటాడగలుగుతుంది.

తాతా మనుమరాలూ ఆ పక్షుల దారినే పట్టారు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే బాట చాలా దూరం సరస్సు నడుమనే సాగుతుంది. 1971 అక్టోబరులో ఆ దీవినుండి మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. ఆ కేంద్రం 2002 నుండి సతీష్ ధవన్ పేరుతో నడుస్తున్నది. రాకెట్ల కొరకు ప్రవేశం కట్టుదిట్టం చేయడంతో దీవిలోని అడవి చాలావరకు నిలిచిపోయినది. అదే కేంద్రానికి వేసిన బాట సరస్సును అడ్డంగా రెండు చేసి, నీటి రాకపోకలను చాలావరకు అరికట్టినది. ఒకే పనివల్ల అడవికి మేలూ నీటికి కీడూ జరిగిన ఈ ఉదాహరణను తీర్పరులెవరూ సులభంగా తేల్చలేరు.

బాటకు దక్షిణపు వైపున నీటిమీద గులాబీవన్నె తెర పరచినట్లున్నది. కాసేపటికి ఆ తెర కదిలినది. రాజహంసలు! ఫ్లెమింగో అనే ఈ పక్షిని ఆంధ్రులు రాజహంస అనడం పండితులకు సమ్మతం కాకపోవచ్చును. చూసినవారు మాత్రం ఆ పేరును కాదనలేరు. తల క్రిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని ముక్కుతో వడకట్టి, నాచూ సూక్ష్మజీవులూ తింటాయి. వాటి వన్నె ఆ తిండినుండి వచ్చినదే. గుజరాత్ కచ్ఛ్ రణ్‌లోని ఉప్పుబురద ఇవి పిల్లలను పెంచే ప్రసిద్ధ స్థలం. 1945లో అక్కడికి వెళ్లిన సాలిం అలీ ఐదు లక్షల పక్షులు ఉండవచ్చునని అంచనా కట్టారు. ఇక్కడికి అవి భోజనానికి వస్తాయి. వీటి పేరనే 2001 నుండి సూళ్లూరుపేటలో పక్షుల పండుగ జరుపుతున్నారు. కొన్నేళ్లు ఆగిన ఆ పండుగ 2025 జనవరిలో మళ్లీ జరిగినది.

మనుమరాలు వంతెన గోడకు ఆనుకొని దక్షిణం వైపు చూస్తూంటే, ఉపాధ్యాయుడు వీపు తిప్పి ఉత్తరం వైపు చూస్తున్నాడు. అటు నీరు పలుచగా ఉన్నది. దూరాన నేల తేలి, ఉప్పు పేరి, తెల్లగా మెరుస్తున్నది.

"అక్కడ ఏమీ లేదుగా తాతయ్యా?"

"నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు సంక్రాంతికి అక్కడ పడవలు తిరిగేవమ్మా," అన్నాడాయన.

ఈ మార్పుకు బాట ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. సరస్సు ప్రాణం దాని ముఖద్వారాలలో ఉన్నది. రాయదొరువు వద్ద, కొండూరుపాళెం వద్ద, తమిళనాడులోని పళవేర్కాడు వద్ద సముద్రానికీ సరస్సుకూ నడుమ తెరపులున్నవి. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పోటుతో పాటు ఈ తెరపుల గుండా లోనికి వచ్చి, పలుచని వెచ్చని నీటిలో పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. ఎన్నో చేపల జీవితం కూడా ఇట్లాంటిదే. తీరం వెంట అలలు ఇసుకను నిరంతరం మోసుకొనిపోతూ, బలమైన ప్రవాహం లేని తెరపును పూడ్చివేస్తాయి. వానకాలంలో కాళంగి, ఆరణి వంటి ఏరులు నిండుగా పారితే ఆ ఇసుక కొట్టుకొనిపోతుంది. ఏరుల మీద ఆనకట్టలు లేచి, వానలు తప్పి, ఏటి నీరు తగ్గితే ఇసుకదే పైచేయి. తెరపు మూసుకొన్న ఏడు వేసవిలో సరస్సు ఆవిరై, సముద్రం కంటే ఉప్పనవుతుంది. చేప తగ్గుతుంది. రెండు రాష్ట్రాల జాలరుల నడుమ ఎవరి వల ఎంతవరకు అనే తగవు పెరుగుతుంది. నీటిలో గీసిన సరిహద్దు చేపకూ తెలియదు, గూడబాతుకూ తెలియదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కొల్లేటిలో గూడబాతులు కొన్ని దశాబ్దాల తరువాత తిరిగివచ్చి, ఆటపాక వద్ద మనుషులు నిలబెట్టిన ఇనుప మంచెలమీద గూళ్లు కట్టుకొన్నవి. చెట్టు లేకపోతే ఇనుముతోనైనా కాపురానికి చోటు చూపవచ్చునని దానివల్ల రుజువైనది. నేలపట్టు కడప చెట్లకు ముప్పు వచ్చినా అట్లాంటి ఉపాయం దొరకవచ్చును. పులికాట్‌కు బదులు మరొక పులికాట్‌ను నిలబెట్టే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. పక్షుల రక్షణ అనగానే జనానికి గూడూ పిల్లా స్ఫురిస్తాయి. బొమ్మలు కూడా అవే అచ్చువేస్తారు. మూసుకొనిపోతున్న ఇసుకతెరపును బొమ్మ తీసి గోడకు తగిలించుకొనేవారు ఉండరు. కాని ఆ ఉదయం పిల్లల నోట పడిన చేప ఆ తెరపుగుండా వచ్చినదే అయి ఉండవచ్చును. నేలపట్టులో కంచె ఎంత గట్టిగా వేసినా, ఇరవై కిలోమీటర్ల అవతల నీరు ఇంకిపోతే గూటిలో పిల్ల పస్తుంటుంది.

మధ్యాహ్నం దిగిన తరువాత తడ దగ్గరి భీములవారిపాళెం రేవులో వారు పడవ ఎక్కారు. పడవవాడు తెరచాప విప్పలేదు. వెదురు గడ అడుగున తాటించి తోస్తూ నడిపాడు. ఇరకం దీవి వైపున, నీటిమీద అర్ధచంద్రాకారంగా వరుస కట్టిన గూడబాతులు పదిపన్నెండు కనిపించినవి. అవి రెక్కలతో నీటిని చరుస్తూ చేపలను తీరపు పలుచనకు తరుముతున్నవి. అదే పనిని కొద్దిదూరంలో ఇద్దరు జాలరులు వలతో చేస్తున్నారు. ఒకరికొకరు అడ్డు రావడం లేదు. జాలరి పక్షిని తరమడూ లేదు.

"అవి మీ చేపలు తినేస్తుంటే మీకు కోపం రాదా అన్నా?" అని మనుమరాలు అడిగినది.

పడవవాడు గడ ఆపకుండానే జవాబు చెప్పాడు. "అవి దిగిన చోట చేప ఉన్నట్టు లెక్క పాపా. మేమూ ఆడికే పోతాం. అవి రాని ఏడు మాకూ ఏమీ ఉండదు."

"ఈ ఏడు ఎట్లా ఉన్నది?" అన్నాడు ఉపాధ్యాయుడు.

"వానలు పడుండాయి గదా అయ్యా, పరవాలేదు. మాఘం దాటితే చూడాల."

సూర్యుడు తడ వైపు వాలాడు. వేటాడుతున్న వరుస విడిపోయి, గూడబాతులు ఒకటొకటిగా నీటిమీద బరువుగా పరుగెత్తి లేచినవి. సంచులు నిండి ఉన్నవి కాబోలు, ఉదయంలా తేలికగా పైకి పోలేదు. నీటికి దగ్గరగా, మెల్లగా రెక్కలాడిస్తూ వాయవ్య దిక్కుగా సాగినవి. మనుమరాలు పదకొండు వరకు లెక్కపెట్టి, ఎండ కళ్లలో పడి, లెక్క తప్పినది.

పడవ రేవు చేరినది. పడవవాడు గడ పైకి లాగి అడ్డంగా పెట్టాడు. అడుగున జానెడు మేర నల్లని బురద అంటుకొని ఉన్నది. ఆ పైన తడి ఎంతవరకు ఉన్నదో వెదురు మీద చారలాగా తెలుస్తున్నది. పిల్ల దిగుతూ దిగుతూ ఆ గడను తన పక్కన నిలబెట్టి చూసుకొన్నది. తడిచార ఆమె నడుము వరకు వచ్చినది.